పందికొక్కు యంత్రము

ఈనాడు మన మనలి తెలుగు కుటుంబాలలో ఇంజనీరింగు చదువుతున్న అబ్బాయో అమ్మాయో లేని ఇల్లు అరుదు. ఒకప్పుడు ఇంజనీరు అంటే వంతెనలు కట్టేవాడు, లేదా కార్ఖానాలో పెద్ద యంత్రం పక్కన నిలబడేవాడు. ఇప్పుడు మన పిల్లలు చెప్పే పేర్లు వేరు. మెకట్రానిక్సు అంటారు, ఆటోమేషను అంటారు, రోబోటిక్సు అంటారు. సెలవు దినాలలో ఇంటి వరండా అంతా వారి కార్ఖానాయే. వేలెడంత మోటార్లు, రంగురంగుల తీగలు, అగ్గిపెట్టెంత బోర్డులు, పాత ఫ్యానులోంచి ఊడదీసిన బేరింగులు అక్కడ పరచి ఉంటవి. తల్లి చీపురు పట్టుకొని వస్తే "అమ్మా, ఆ మర పారవేయకు" అని లోపలినుండి కేక వినబడుతుంది. తండ్రికేమో ఇదంతా బొమ్మలాటగా కనబడుతుంది. "వీడు చదువుతున్నాడా, ఆడుతున్నాడా?" అన్నది మనలో చాలామంది అడిగే ప్రశ్నే.

ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానం చెప్పడానికే ఈ నాలుగు మాటలు. మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఆఫీసు ఫైళ్ళ మధ్య నలభై దాటిన గుమాస్తాలము. అయినా ఈ విద్య ఏమిటో, దానివల్ల ఎవరికి మేలో తెలుసుకోవాలని అడిగి, చదివి గ్రహించినంతలో మన పాఠక సోదరీ సోదరులతో పంచుకొంటున్నాము. ఇందులో మన తెలుగువారి బ్రదుకులకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. అది తెలిసిన తరువాత ఆ వరండాలోని సామగ్రిని మనం చూసే చూపు మారుతుందని మా నమ్మకం.

రోబోటు అనగా నేమి?

ముందుగా ఆ మాట పుట్టుక చెప్పుకొందాము. కారెల్ చాపెక్ అనే చెక్ దేశపు రచయిత 1920లో ఒక నాటకం వ్రాశాడు. అందులో మనుషులకు బదులు పనిచేసే కృత్రిమ మానవులుంటారు. వారికి రోబోటులని పేరు పెట్టాడు. చెక్ భాషలో "రోబోటా" అంటే ప్రభువుల పొలాలలో రైతులు బలవంతాన చేసే పని. మన భాషలో దీనికి సరియైన మాట ఉన్నది, వెట్టిచాకిరి. కనుక రోబోటు అంటే వెట్టివాడు అని అర్థం. మనిషి చేయకూడని వెట్టిని ఇనుము చేత చేయించుట ఈ విద్య పరమార్థమని ఆ పేరులోనే ఉన్నదని మాకు తోస్తుంది.

ఇక లోపలి సంగతి. రోబోటు అనగానే సినిమాలోవలె కండ్లు మిటకరించే ఇనుపమనిషి కానక్కరలేదు. మూడు పనులు చేయగలిగితే చాలు. చుట్టూ ఏమున్నదో కనిపెట్టవలెను, ఏమి చేయాలో లెక్కకట్టవలెను, ఆ ప్రకారం కదలవలెను. కనిపెట్టేవాటిని సెన్సారులంటారు. లెక్కకట్టేది చిన్న కంప్యూటరు. కదలికకు మోటార్లు, గేర్లు, కీళ్ళు కావలెను. విద్యుత్తును కదలికగా మార్చే ఈ భాగమే ఎలక్ట్రోమెకానికల్ రచన. విద్యార్థులకు చెమట పట్టించేది ఇదే.

ఎందుకంటే మోటారు స్వభావం వేరు, మనకు కావలసిన పని వేరు. చిన్న మోటారు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది గాని ఒక చెంబు నీళ్ళు ఎత్తలేదు. దానికి నూటికి ఒకటి లెక్కన గేర్లు తగిలిస్తే నిమిషానికి 30 చుట్లే తిరుగుతుంది, కాని రాపిడికి పోయినది పోగా బలం సుమారు నూరింతలవుతుంది. వేగమిచ్చి బలం కొనుక్కోవడమన్నమాట. ఇక కీళ్ళ సంగతి చూడండి. తలుపు బందుకు ఒక్కటే కదలిక. మన చేతికి భుజం దగ్గర మూడు, మోచేతి దగ్గర ఒకటి, ముంజేతిని త్రిప్పేది ఒకటి, మణికట్టు దగ్గర రెండు, వెరసి ఏడు కదలికలున్నవి. అన్నం కలిపి ముద్ద నోట పెట్టుకొనేటప్పుడు ఇవన్నీ కలిసి పనిచేస్తవని మనమెప్పుడూ తలచుకోము. ఆ పనిని యంత్రం చేత చేయించబోయిన విద్యార్థికి తెలుస్తుంది, బ్రహ్మదేవుడెంత గొప్ప ఇంజనీరో!

విప్పి చూచిన తెలుగువాడు

ఈ విద్య మనవారికి కొత్తది కాదు. తమిళనాట స్థిరపడిన తెలుగువారిలో జి. డి. నాయుడుగారి పేరు వినని పెద్దలుండరు. ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. బడి చదువు వంటబట్టలేదు. పిన్నవయసులో ఒక దొర నడిపే మోటారు సైకిలు చూచి, అది ఎట్లు నడుస్తుందో తెలుసుకొనేవరకు ఆయనకు నిదుర పట్టలేదు. కోయంబత్తూరులో హోటలు సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొని ఊరేగలేదు. విప్పి, ప్రతి భాగమూ చూచి, మళ్ళీ బిగించారు.

1920లో ఒక్క బస్సుతో పొల్లాచి పళనిల మధ్య సర్వీసు మొదలుపెట్టిన ఆయనే తరువాత యూనివర్సల్ మోటారు సర్వీసు అనే పెద్ద సంస్థకు అధిపతి అయినారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలోనే తయారైన తొలి విద్యుత్ మోటారును వెలువరించారు. కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు పేరుబడ్డ పట్టణం కావడానికి నాంది అక్కడ పడినది. చిన్న ఘటాలతో నడిచే గడ్డం గీసే రేజరు కూడా ఆయన చేతి చలవే. 1945లో ఇంజనీరింగు విద్య కోసం విరాళమిచ్చారు. చేతిపనికి చోటివ్వక పుస్తకాల మీద ఏండ్లు గడిపే పద్ధతి ఆయనకు గిట్టేది కాదు. 1974 జనవరి 4న పరమపదించారు.

ఆయన జీవితం చదివితే, విప్పి చూడడం తప్పుకాదని తెలుస్తుంది. కాబట్టి ఇంట్లో పాత మిక్సీని పిల్లవాడు విప్పినాడని కోపగించకండి. తిరిగి బిగించమని మాత్రం గట్టిగా చెప్పండి. కాని విప్పుట, బిగించుట వచ్చిన తరువాత వచ్చే ప్రశ్న మరింత పెద్దది. ఈ నేర్పు ఎవరి కోసం? దానికి జవాబు వెదకడానికి దూరం పోనక్కరలేదు, మన మనలి వీధులలోనే దొరుకుతుంది.

కార్ఖానా గోడకు లోపల, వెలుపల

మన మనలి కార్ఖానాల ఊరు. 1969లో చమురు శుద్ధి కర్మాగారం, 1971లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించినది మొదలు ఈ ఊరి ఉదయం సైరనుతోనే తెల్లవారుతున్నది. 2011లో మనలి చెన్నై కార్పొరేషనులో చేరినది. ఇక్కడి పెద్ద కార్ఖానాలలో ఒక కట్టుబాటు ఉన్నది. ఏదైనా ట్యాంకులోకిగాని, మూసిన పాత్రలోకిగాని మనిషి దిగాలంటే ముందు పర్మిటు కావలెను. లోపలి గాలిని పరీక్షించి ఆక్సిజను నూటికి ఎంత ఉన్నదో, విషవాయువులున్నవో లేవో వ్రాయవలెను. పైన ఒక మనిషి కాపలా ఉండవలెను. నడుముకు తాడు కట్టవలెను. ఇంతమంది సంతకాలు పడితేగాని లోపల కాలు పెట్టనివ్వరు. ఆ కాగితాలను కట్టగట్టి భద్రపరచే పని మావంటి గుమాస్తాలది.

అదే కార్ఖానా గోడ దాటి వీధిలోకి రండి. రోడ్డు మధ్య ఇనుప మూత ఉంటుంది. దాని క్రింద ఉన్నదీ మూసిన పాత్రయే. లోపల ఉన్నవీ అటువంటి వాయువులే. కాని మన దేశపు పట్టణాలలో ఎన్నోసార్లు ఆ మూత తీసి మనిషిని దింపినప్పుడు పర్మిటు లేదు, పరీక్ష లేదు, సంతకం లేదు. ఒంటిమీద లుంగీ, చేతిలో బకెట్టు, వెదురుబద్ద, అంతే.

ఆ గుంటలో చంపేది ఏమిటో తెలుసుకొనడం ప్రతి ఇంటికీ అవసరం. మురుగు కుళ్ళినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువు పుడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేస్తుంది. కాని గాలిలో పదిలక్షల వంతులకు 100 వంతులు దాటినప్పుడు అది ముక్కునే మొద్దుబరుస్తుంది. వాసన పోయినది, ఇక భయం లేదని మనిషి అనుకొంటాడు. 700 మొదలు 1000 వంతులయితే ఒకటి రెండు ఊపిరులలోనే స్పృహ తప్పుతుంది. ఈ వాయువు గాలికంటె బరువు కనుక గుంట అడుగున నిలిచి ఉంటుంది. మామూలు గాలిలో నూటికి సుమారు 21 వంతులుండవలసిన ఆక్సిజను అక్కడ తగ్గిపోయి ఉండవచ్చును. దీనికి తోడు మీథేను ఉంటే నిప్పురవ్వ తగిలినా ప్రమాదమే. ఒకడు పడిపోతే అతడిని రక్షించబోయి రెండవవాడు దిగుతాడు, వానికోసం మూడవవాడు. అందుకే ఇటువంటి వార్తలలో చచ్చినవారి సంఖ్య తరచు ఒకటితో ఆగదు.

ఈ సంగతి మన తెలుగు పత్రికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. బ్రిటిషువారి కాలం నుండి నెల్లూరు మొదలైన తెలుగు జిల్లాలనుండి చెన్నపట్నం వచ్చి ఈ నగరాన్ని శుభ్రంగా ఉంచుతున్న పారిశుధ్య కార్మికులలో చాలామంది మన భాష మాట్లాడేవారే. ఉగాదికి మనం పచ్చడి పంచుకొనేటప్పుడు వీరిని మన లెక్కలో చేర్చుకొంటున్నామా? కులాన్నిబట్టి ఈ పని కొందరి నెత్తిన రుద్దబడినదన్నది దాచవలసిన మాట కాదు.

కోళిక్కోడులో ముగ్గురు, కుట్టిప్పురంలో నలుగురు

2015 నవంబరు 26న కేరళలోని కోళిక్కోడు పట్టణంలో ఒక మ్యాన్‌హోలులో దిగిన ఇద్దరు కార్మికులు ఊపిరాడక పడిపోయారు. వారిద్దరూ ఆంధ్రప్రదేశ్ నుండి కూలికి వెళ్ళినవారు. దగ్గరలో ఉన్న నౌషాద్ అనే ఆటో డ్రైవరు, వారెవరో తెలియకపోయినా, వారి భాష తనది కాకపోయినా, రక్షించడానికి లోపలికి దిగాడు. ముగ్గురూ మరణించారు. భాష, మతము, ఊరు ఏదీ అడ్డురాని ఆ త్యాగానికి మనం తలవంచవలసినదే. కాని ముగ్గురి ప్రాణాలు ఒక మురుగు గుంటకు పోవలసిన అవసరమేమి?

ఆ ప్రశ్నను పట్టుకొన్నవారు కొందరు కుర్రవాళ్ళు. మలప్పురం జిల్లా కుట్టిప్పురంలోని ఎం. ఇ. ఎస్. ఇంజనీరింగు కాలేజిలో చదివిన విమల్ గోవింద్, రషీద్, నిఖిల్, అరుణ్ జార్జి అనేవారు. చదువుకొనే రోజులలోనే వీరు మనిషి ఒంటికి తొడుక్కొనే యంత్రం ఒకటి చేశారు. దానిని వేసుకొన్నవానికి బరువులెత్తే శక్తి పెరుగుతుంది. అప్పటికి అది సినిమా చూచి పుట్టిన ఉత్సాహం, మన పిల్లలకున్నటువంటిదే. కోళిక్కోడు దుర్ఘటన తమ మనసును మార్చినదని వారే చెప్పుకొన్నారు. జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ పెట్టి, కేరళ ప్రభుత్వపు స్టార్టప్ మిషను, జల సంస్థల తోడ్పాటుతో మ్యాన్‌హోలులో దిగే యంత్రాన్ని తయారుచేశారు. 2018 ఫిబ్రవరిలో తిరువనంతపురంలో అది పనిలోకి దిగినది.

దాని పేరు "బ్యాండికూట్". ఈ ఇంగ్లీషు మాట ఎక్కడిదో తెలుసునా? మన తెలుగు "పందికొక్కు"! దొరలు మన దేశానికి వచ్చినప్పుడు మన పందికొక్కును చూచి, ఆ పేరునే తమ నోటికి తగినట్లు త్రిప్పుకొని నిఘంటువులలో చేర్చుకొన్నారు. ఆస్ట్రేలియాలోని వేరొక జంతువుకూ ఆ పేరే పెట్టారు. మన పొలాలలో కలుగులు త్రవ్వే పందికొక్కు సముద్రాలు దాటి, మూడు వందల ఏండ్లు తిరిగి, చివరకు మలయాళీ కుర్రవాళ్ళ చేతిలో యంత్రమై, తెలుగు కూలీల ప్రాణాలు తీసిన గుంటలోకి వారికి బదులుగా దిగినది.

ఈ పందికొక్కు పనితీరు చూడండి. ఇందులో రెండు భాగాలు. ఒకటి మ్యాన్‌హోలు మూత తీసిన చోట పైన నిలిచే చట్రం. దానికి టెలివిజనువంటి తెర, నడిపే మీటలు ఉంటవి. రెండవది నూతిలోకి చేద దింపినట్లు లోపలికి దింపే యంత్రం. అది లోపలికి పోయిన తరువాత సాలెపురుగువలె కాళ్ళు చాచి నిలద్రొక్కుకొంటుంది. ఆపైన చేయి చాచి అడుగున పేరుకొన్న మట్టి, రాళ్ళు, గుడ్డలు, ప్లాస్టికు ఎత్తి బకెట్టులో వేస్తుంది. నీరు చొరని కెమెరాలు చీకటిలో చూస్తవి. విషవాయువులను సెన్సారులు కనిపెట్టి చెబుతవి. నడిపే మనిషి పైన, వెలుతురులో, మంచి గాలిలో నిలబడి ఉంటాడు. అన్నిటికంటె మెచ్చదగినది, అంతకుముందు లోపలికి దిగిన కార్మికులకే దానిని నడపడం నేర్పించుట. తమిళనాట కుంభకోణం పురపాలక సంఘం 2018లోనే ఇటువంటిది తెప్పించుకొన్నది. తరువాత ఎన్నో రాష్ట్రాలకు ఈ యంత్రాలు పోయినవి.

కవ్వము, గొడుగు

మన చెన్నైలోని ఐ. ఐ. టి.లో ఇదే బాధకు వేరొక దారి త్రొక్కిన విద్యార్థి కథ కూడా చెప్పవలెను. అక్కడి ఆచార్యులు ప్రభు రాజగోపాల్ గారి దగ్గర దివాంశు కుమార్ అనే విద్యార్థి 2019లో తన చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా సెప్టిక్ ట్యాంకు సమస్యను తీసుకొన్నాడు. సెప్టిక్ ట్యాంకులో పైనున్న నీటిని లారీ పంపు సులభంగా లాగివేస్తుంది. కాని ఏండ్ల తరబడి అడుగున పేరుకొని గట్టిపడిన మడ్డి పంపుకు రాదు. దానిని గునపంతో పెళ్ళగించడానికే మనిషిని దింపుతారు.

పందికొక్కు యంత్రం మనిషి చేతిని అనుకరించినది. ఈ విద్యార్థి చేతి ఊసే ఎత్తలేదు. గట్టి మడ్డిని పలుచన చేస్తే పంపే లాగుతుంది గదా, మనిషీ వద్దు, చేయీ వద్దు అన్నది ఇతని ఆలోచన. పెరుగును చిలికితే మజ్జిగ అయినట్లు, మడ్డిని చిలకాలి. దానికి కవ్వం కావలెను. కాని ట్యాంకు మూతి చిన్నది, లోపలి వైశాల్యం పెద్దది. మూతిలో పట్టే కవ్వం లోపల చాలదు, లోపల చాలే కవ్వం మూతిలో పట్టదు. ఈ చిక్కుకు విరుగుడు మన ఇంటి మూలనున్న గొడుగు. ముడిచి దింపి లోపల విచ్చుకొనే రెక్కలు పెట్టారు. అవి తిరిగి మడ్డిని కలిపితే, యంత్రమే ఆ పలుచని ద్రవాన్ని పైకి పీలుస్తుంది. దీనికి హోమోసెప్ అని పేరు.

ప్రాజెక్టు పుస్తకం అచ్చువేయించి, మార్కులు తెచ్చుకొని అటకమీద పడవేయడానికి బదులు ఆచార్యులు, విద్యార్థులు, వారి సంస్థ సొలినాస్ కలిసి కొన్నేండ్లు దానిని సరిదిద్దారు. 2022లో తమిళనాట పంపిణీ మొదలైనది. మొదటి రెండు యంత్రాలు ఎవరికిచ్చారో వినండి. ఇటువంటి పనిలోనే భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు నడిపే స్వయంసహాయ బృందాలకు. ఏ గుంట ఆ ఇంటి దీపాన్ని ఆర్పినదో, ఆ గుంటలోకి ఇక ఎవరూ దిగకుండా చేసే యంత్రానికి ఆ ఇంటి ఇల్లాలే యజమానురాలు.

యంత్రము ఒక్కటే చాలునా?

ఆ పంపిణీకి తోడ్పడినది సఫాయి కర్మచారి ఆందోళన్. దాని నాయకులు బెజవాడ విల్సన్ గారు 1966లో కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరిలో, ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టినవారు. తన వారి బాధను కండ్లారా చూచి, ఈ దురాచారాన్ని రూపుమాపడానికి జీవితం ధారపోసినందుకు 2016లో మెగసెసె పురస్కారం పొందారు. మనిషి చేత మలాన్ని ఎత్తించరాదని 1993లోనే చట్టం వచ్చినది. 2013లో మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను కూడా చేర్చి మరింత గట్టి చట్టం చేశారు. విల్సన్ గారి సంస్థ వేసిన వ్యాజ్యంలో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుండి ఈ పనిలో మరణించిన ప్రతివాని కుటుంబానికి పది లక్షలివ్వాలని తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 20న మరొక తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పది లక్షలు చేసినది.

చట్టమున్నది, తీర్పున్నది, యంత్రమూ వచ్చినది. అయినా మరణవార్తలు ఆగలేదు. యంత్రం కొని షెడ్డులో తాళం వేసి ఉంచితే, మరమ్మతుకు సామాను దొరకకపోతే, ఇరుకు సందులోకి బండి పోకపోతే, కాంట్రాక్టరు మళ్ళీ మనిషినే పిలుస్తాడు. యంత్రం అద్దెకంటె ఆ మనిషి కూలి చౌక గదా! పోనీ యంత్రమే వచ్చి మనిషిని పూర్తిగా పక్కకు నెట్టితే, ప్రాణం దక్కినా పొయ్యి వెలుగదు.

ఈ చిక్కును మన హైదరాబాదు కొంత విప్పి చూపినది. 2017లో అక్కడి జలమండలి ఇరుకు సందులలో తిరుగగల 70 చిన్న జెట్టింగు బండ్లను ప్రవేశపెట్టినది. నీటిని గట్టి ఒత్తిడితో చిమ్మి పూడిక వదలగొట్టే బండ్లు అవి. ఇందులో రోబోటు లేదు, కంప్యూటరు లేదు. దళిత వాణిజ్య మండలి తోడ్పాటుతో ఆ బండ్లకు దళిత కుటుంబాలవారినే యజమానులను చేశారు. ఆ పద్ధతిని చూచి ఢిల్లీ 2019లో 200 బండ్లు దింపినది. సందు వెడల్పు కొలిచి బండి చేసినవాడు, యంత్రాన్ని దాని పనివాని సొత్తుగా చేసినవాడు, వీరిద్దరూ మా దృష్టిలో గొప్ప ఇంజనీర్లే.

మన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు

ఇంజనీరింగు చివరి ఏడాదిలో ప్రాజెక్టు అనేది ఒకటి ఉంటుంది. డబ్బిస్తే తయారు ప్రాజెక్టు చేతిలో పెట్టే దుకాణాలు నగరంలో లేకపోలేదు. తండ్రులారా, ఆ డబ్బు ఇవ్వకండి. తయారైన బొమ్మ మార్కులు తేవచ్చునుగాని, గేరు పన్ను ఎందుకు విరిగినదో, మోటారు ఎందుకు కాలినదో చెప్పదు. నాలుగు మోటార్లు కాల్చుకొన్న పిల్లవాడే ఐదవదానిని సరిగా ఎన్నుకొంటాడు. ఆ నాలుగు మోటార్ల ఖర్చును చదువు ఫీజులోనే చేర్చుకొనండి.

విద్యార్థులకు మా మనవి ఒకటే. ఏమి చేయవలెనా అని ఆలోచించేముందు మన మనలి వీధులలో ఒకసారి నడవండి. మురుగు తీసే అన్నను "అన్నా, ఇందులో నీకు కష్టమేది?" అని మర్యాదగా అడగండి. అతనికి డిగ్రీ లేకపోవచ్చును. కాని ఏ గుంటలో ఏమి అడ్డుపడుతుందో, వాన తరువాత ఏమవుతుందో, ఏ పనిముట్టు చేతిలో జారుతుందో అతనికి తెలిసినట్లు ఏ ఆచార్యునికీ తెలియదు. మూత వెడల్పు, గుంట లోతు కొలవండి. మీ యంత్రాన్ని ఇద్దరు మనుషులు మోయగలరా, పని అయిన తరువాత నీళ్ళు పోసి కడగవచ్చునా, విరిగిన భాగం ప్యారిస్ కార్నరు దుకాణాలలో దొరుకుతుందా, తెలుగో తమిళమో మాత్రమే చదవగలిగినవాడు దానిని నడుపగలడా అని ప్రశ్నించుకొనండి. ఈ ప్రశ్నలకు సమాధానమున్న చిన్న యంత్రం, బహుమతి తెచ్చి మూలపడే పెద్ద రోబోటుకంటె మేలు.

అందరూ మురుగు యంత్రమే చేయాలని మా భావం కాదు. చుట్టూ చూస్తే మనిషి చేయకూడని పనులు ఎన్నో కనబడతవి. కార్ఖానా ట్యాంకు లోపల గీకే పని ఉన్నది, కాలిన గొట్టం పక్కన నిలబడి రీడింగు తీసే పని ఉన్నది, రోజంతా నడుము వంచి బస్తాలు మోసే పని ఉన్నది. మన ఊరిలో ఇవి చేసేవారు మన పక్కింటివారే. మీ అమ్మాయి గాని అబ్బాయి గాని వరండాలో తీగలు పరచి కూర్చున్నప్పుడు, "ఇది ఆటా, చదువా?" అని అడగడం మానండి. "ఇది ఎవరి నెత్తిన బరువు దించుతుంది?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోయినా ఫరవాలేదు. ప్రశ్న వారి చెవిన పడితే చాలు.

మన సంఘం సభ్యులలో కార్ఖానాలలో పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు ఎందరో ఉన్నారు. వారి చేతులలోని అనుభవం ఇంటి అరుగులమీద ఊరకే పోతున్నది. నెలకొక ఆదివారం వారు నాలుగు గంటలు ఈ పిల్లలతో కూర్చుంటే, పుస్తకం చెప్పలేనిది చేయి చెబుతుంది. అందుకు ఒక గది, ఒక బల్ల, ఒక వైసు చాలును. ఈ విషయమై సభ్యులు కార్యవర్గంతో మాట్లాడి, పెద్దల పేర్లు, పిల్లల పేర్లు వ్రాయించవలసినదిగా కోరుతున్నాము.